ఎవరి బోరు వాళ్ళది (నేల మాటలు – 14)



పోయిన భాగంలో డి-పట్టా కాగితం గురించి రాసి, ఈ వారం కూలి రేట్ల గురించి రాస్తానని మాటిచ్చాను. దాన్ని పక్కన పెడుతున్నా. మధ్యలో రెండు సంగతులు జరిగాయి, రెండూ ఒకే రోజు.

పొద్దున సెకండియర్ వాళ్ళకు కొలకలూరి ఇనాక్ గారి ‘ఊరబావి’ కథ పాఠం. కథలోకి పోయే ముందు అసలు ఊరబావి అంటే ఏంటో ఈ పిల్లలకు చెప్పాలి గదా. గట్టు ఎక్కే హక్కు లేకపోవడం, ఎవరికో ఒకరికి దయ పుట్టి చేది పోసే దాకా కడవ కింద పెట్టుకుని ఎండలో నిలబడటం, పైనుంచి పోస్తే దోసిలి పట్టి తాగడం, ఇవన్నీ చెప్తున్నా. వెనక బెంచీలో ఒక అబ్బాయి లేచి, “మేడమ్, ఇదంతా అప్పటి మాట గదా. ఇప్పుడు ఊరబావులే లేవు. ఎవరి బోరు వాళ్ళది” అన్నాడు. వెటకారం లేదు ఆ గొంతులో. నిజంగానే అడిగాడు. మనోడే, హాస్టల్లో ఉండే పిల్లోడే. ఏదో సర్ది చెప్పాను. చెప్పింది నాకే ఆనలేదు.

సాయంత్రం తమ్ముడు ఫోన్ చేశాడు. “అక్కా, గుట్ట కింద చేన్లో ఇంగో పాయింటు చూపిచ్చినాము. ఈతూరి గ్యారంటీ అంటాండాడు. ఒక లక్ష సర్దుతావా?”

ఇది మా చేనికి నాలుగో బోరు.

క్లాసులో ఇవ్వలేని జవాబును ఇక్కడ రాయడానికి చూస్తున్నా. ముందు మూడో బోరు సంగతి చెప్తాను. అది నా కళ్ళ ముందు పడింది, పైగా నా డబ్బుతో పడింది.

2018 ఎండాకాలం. నా పీహెచ్‌డీ నడుస్తోంది. నెలల తరబడి ఆగిపోయిన రీసెర్చ్ ఫెలోషిప్ బాకీ మొత్తం ఒకేసారి అకౌంట్లో పడింది. హాస్టల్ మెస్ బిల్లు కట్టి, మిగిలింది తీసుకుని ఊరికి పోయాను. మాది అనంతపురం జిల్లాలో ఒక గుట్ట పక్క ఊరు. నాయనకు డి-పట్టా ఉన్నది 2 ఎకరాల 20 సెంట్లు. పాయింటు చూడటానికి పక్క ఊరి నుంచి ఒకాయన వచ్చాడు. అరచేతిలో కొబ్బరికాయ పడుకోబెట్టుకుని చేనంతా నడిచాడు. ఒక చోట కాయ లేచి నిలబడింది. నిలబడిందో, ఆయనే నిలబెట్టాడో నాకు తెలియదు. తెలుగు సాహిత్యంలో పరిశోధన చేస్తూ, హేతువాదం గురించి సెమినార్లలో మాట్లాడే నేను ఆ కాయ వైపు ఊపిరి బిగబట్టి చూశాను. ఇది ఒప్పుకోవాలి. జియాలజిస్టును పిలిపించి మిషన్ పెట్టిద్దామని తమ్ముడు అన్నాడు. అప్పటికే బండి మాట్లాడేశారు, పక్క ఊళ్ళో పని అయిపోయి ఆ రాత్రికే వస్తోంది, తప్పితే మళ్ళీ పది రోజులకు గానీ దొరకదన్నాడు ఏజెంటు.

రెండు లారీలొచ్చాయి. ఒకటి రిగ్గు, ఇంకోటి రాడ్లు మోసే బండి. తమిళనాడు నెంబరు. మన వైపు తిరిగే బోరు బండ్లలో చాలా వాటికి పుట్టిల్లు అక్కడి తిరుచెంగోడే. బండి మీద పనిచేసే పిల్లలు మాత్రం తమిళులు కాదు. ఒడిశా వాళ్ళు, ఛత్తీస్‌గఢ్ వాళ్ళు. రాతి పొడి కొట్టుకుని కనుబొమ్మలు కూడా తెల్లగా అయిపోయి ఉన్నారు. మూతికి తువ్వాలు తప్ప ఏమీ లేదు. వాళ్ళ కులం నేను అడగలేదు. అడగాల్సిన పని కూడా లేదనిపించింది.

నాయన నిమ్మకాయ కోసి, కర్పూరం వెలిగించి, టెంకాయ కొట్టాడు. కంప్రెసరు మొదలైంది. ఆ మోత పక్కన నిలబడిన వాళ్ళకే తెలుస్తుంది, ఛాతీ లోపల కూడా మోగుతుంది. ముందు ఎర్రమట్టి ఎగిరింది. ముప్పై అడుగులకే గరుసు అయిపోయింది. నలభై అడుగుల కేసింగు దించి మళ్ళీ మొదలుపెట్టారు. ఆ తర్వాత బూడిద రంగు పొడి. అదే పొడి, గంటల తరబడి.

రాడ్డు ఒక్కొక్కటి ఇరవై అడుగులు. రాడ్డు దిగిన ప్రతిసారీ ఏజెంటు నాయన వైపు చూస్తాడు, నాయన తమ్ముడి వైపు, తమ్ముడు నా వైపు. డబ్బు నా దగ్గరుంది గదా. 300 అడుగుల దాకా అడుగుకు 80 రూపాయలు. ఆ పైన వంద అడుగులు 90 లెక్క, ఆ పైన వంద 100, ఆ పైన 115, 600 దాటితే 130. లోతుకు పోయే కొద్దీ ఆశ తగ్గుతుంది, రేటు పెరుగుతుంది. 420 దగ్గర పొడి కాస్త తడిగా వచ్చింది. అమ్మ చేతులు జోడించింది. ఇంకో రాడ్డుకు మళ్ళీ ఎండు పొడి. “ఇంతదూరం వచ్చి ఆపుతారా అమ్మా, ఇంగొక వంద పోనిద్దాము” అన్నాడు ఏజెంటు. పోనిచ్చాం. ముప్పై రెండో రాడ్డు దగ్గర, 640 అడుగుల్లో, నేనే ఆపమన్నాను. తవ్వకానికి 59,700, కేసింగుకు 14,000. మొత్తం 73,700 రూపాయలు. తెల్లవారుజామున నోట్లు లెక్కపెట్టి ఇచ్చింది నేనే.

బండి పోయాక నాయన ఆ కేసింగు మూతికి గోనెసంచి కట్టి, పైన బండరాయి పెట్టాడు. పిల్లలు పడతారని. ఆ పని అయ్యాక, “మన రాత అమ్మా” అన్నాడు.

రాత అనే ఆ మాట నాకు అప్పటి నుంచీ గొంతులో ఇరుక్కుని ఉంది. అది రాత కాదని చెప్పడానికి నేల గురించి కొంచెం మాట్లాడుకోవాలి.

మా జిల్లా కింద చాలామటుకు గట్టి గ్రానైటు జాతి రాయి. ఇసుక నేలల్లో లాగా నీళ్ళు అన్ని చోట్లా పరుచుకుని ఉండవు. పైన చివికిన రాతి పొరలో, అంటే మనం గరుసు అనే దాంట్లో కొంత, దాని కింద రాతి పగుళ్ళలో కొంత ఉంటాయి, అంతే. చివికిన పొర మందంగా ఉండేది పల్లంలో, వంక పక్కన, చెరువు కింద. వాన నీళ్ళు వచ్చి ఆగేదీ అక్కడే. గుట్ట వాలులో ఆ పొర పలచన. పడ్డ వాన పడ్డట్టే కిందికి జారిపోతుంది. అక్కడ ఎంత లోతుకు పోయినా తగిలేది రాయే. ఎప్పుడో ఒకసారి పగులు దొరికితే దొరికినట్టు. ఊళ్ళో ఏ ముసలాయన్నడిగినా ఇది చెప్తాడు, కొబ్బరికాయ అక్కర్లేదు.

ఇప్పుడు మీ ఊరి పటం ఒకసారి మనసులో వేసుకోండి. చెరువు కింద కయ్యలు ఎవరివి? వంక పక్కన తోటలు ఎవరివి? గుట్ట కింద రాళ్ళ చేలు ఎవరివి? మాకు భూమి ఎట్లా వచ్చిందో పోయిన భాగంలో రాశాను. పల్లమంతా తరాల కిందే పంచుకోవడం అయిపోయాక, ఎవరికీ అక్కర్లేక మిగిలిన బంజరును ‘భూమిలేని పేదలకు’ అని ఇచ్చారు. 1973 సీలింగు చట్టం కింద మిగులు భూమి అని అప్పజెప్పిన చోట్ల కూడా, ఏ చెక్కను వదులుకోవాలో ఎంచుకున్నది భూస్వామే. ఏది వదులుకుంటాడో చెప్పాలా? కాబట్టి మా బోరు 2018లో ఫెయిల్ కాలేదు. మా తాతకు ఆ సర్వే నెంబరు రాసిన రోజే ఫెయిలయింది. నేను కట్టిన 73,700 ఆ పాత లెక్క మీద వడ్డీ.

“మరి మొదటి బోరులో నీళ్ళు పడ్డాయి కదా” అని తమ్ముడంటాడు. పడ్డాయి, నిజమే. 2006లో 280 అడుగుల్లో ఇంచున్నర నీళ్ళు. మూడేళ్ళు టమోటా పెట్టాం. నా డిగ్రీ ఫీజు కట్టింది ఆ టమోటానే. తర్వాత కింద తోటల వాళ్ళు ఒకరి తర్వాత ఒకరు 500, 600 అడుగులకు దిగారు. మా బోరు ముందు గంట ఆడి ఆగేది, తర్వాత పది నిమిషాలు, ఆఖరికి గాలి. ఎవరూ వచ్చి మా మోటారు ఆపలేదు. ఎవరూ కులం పేరు పెట్టి తిట్టలేదు. కేసు పెట్టడానికి నిందితుడే లేడు. మా అవ్వ కాలంలో అయితే కడవ తన్నినవాడి పేరు చెప్పేది. ఇప్పుడు ఎవరి పేరు చెప్పాలి? లోతుకు దిగినవాడు తన చేన్లో తాను దిగాడు.

చట్టం కూడా అదే అంటుంది. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం ప్రకారం, కాలువలాగా గుర్తించదగ్గ దారిలో పారకుండా నేల అడుగున ఉన్న నీళ్ళను తన హద్దుల్లో తోడుకుని వాడుకునే హక్కు ఆ నేల సొంతదారుది. తెల్లోడి కాలంలో, కపిలతో ముప్పై అడుగుల బావి తోడే రోజుల్లో రాసిన ముక్క అది. దాని మీద 600 అడుగుల బోర్లు నిలబెట్టాం. భూమి ఉన్నవాడికే నీళ్ళు, మంచి భూమి ఉన్నవాడికి మంచి నీళ్ళు, భూమి లేనివాడికి కింద ఎంత ఊరుతున్నా ఒక్క చుక్క వాటా లేదు.

కపిల అన్నాను కాబట్టి ఒక మాట. మా తాత చేతి పని అదే. కపిలకు తోలు కావాలి. నీళ్ళెత్తే బానకు తోలు తొండం, లాగడానికి వార్లు. చచ్చిన ఎద్దు తోలు ఊనబెట్టి, కోసి, కుట్టి ఇచ్చేది మాదిగోళ్ళు. ఏడాదికి ఇంత గింజలని మేర. మా తాత కుట్టిన తొండంలోంచి పారిన నీళ్ళతో ఊరి వరి పండింది, ఆ వరే దేవుడికి నైవేద్యం అయింది. ఆ తోలు గుండా వచ్చిన నీళ్ళకు అంటు లేదు. కుట్టిన మనిషి గట్టెక్కితే మాత్రం బావి మైలపడేది. బావి తవ్విన ఒడ్డెరోళ్ళదీ, తోడే తోలు కుట్టిన మాదిగోళ్ళదీ ఆ నీళ్ళలో ఒంటి చెమట తప్ప ఇంకేం లేదు. కరెంటు మోటార్లొచ్చి తొండం పని పోయింది. ఆ మేరా పోయింది. నీళ్ళలో వాటా మాత్రం అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. ఇది నా థీసిస్‌లో ఒక ఫుట్‌నోట్‌గా పెట్టాను. ఒక అధ్యాయం రాయాల్సింది.

ఇంక ఆ అబ్బాయి ప్రశ్న.

1927 మార్చి 20న మహద్‌లో బాబాసాహెబ్ వేలమందితో నడిచి చవదార్ చెరువు నీళ్ళు తాగారు. ఆ చెరువును అందరికీ తెరుస్తున్నామని ఊరి మున్సిపాలిటీ 1924లోనే తీర్మానం చేసింది. తీర్మానం కాగితం మీదే ఉంది, అందుకే నడవాల్సి వచ్చింది. 1985 జూలైలో కారంచేడులో గొడవ మొదలైందీ నీళ్ళ దగ్గరే. మాదిగలు తాగే చెరువు నీళ్ళను పాడు చేస్తుంటే వద్దన్నందుకు. మున్నంగి సువార్త అనే ఆడమనిషి తన మీదికొచ్చిన వాళ్ళకు ఎదురుగా చేతిలో ఉన్న బిందె ఎత్తింది. తెల్లారి ఊరు మీద పడి ఆరుగురిని చంపారు. ఆ నెత్తుటి నుంచే దళిత మహాసభ పుట్టింది, మనం పుట్టాం.

ఈ రెండు చోట్లా ఒక చెరువు ఉంది. చూపించడానికి ఒక గట్టు ఉంది, ఇది అందరిదీ అని వేలు పెట్టి చెప్పడానికి వీలైన నీళ్ళున్నాయి. అడ్డం నిలబడిన మనిషి కనబడ్డాడు కాబట్టి ఎదురు తిరగడానికి వీలైంది. బోరు వచ్చి ఆ గట్టును తీసేసింది. నీళ్ళు నేల కింద ఒకటే, ఒకరి బోరు ఆడితే ఇంకొకరి బోరు ఎండుతోందంటేనే అవి ఉమ్మడి నీళ్ళని తెలుస్తోంది గదా. పైన మాత్రం ఆరున్నర ఇంచుల గొట్టాలుగా విడిపోయాయి, ఒక్కో గొట్టం ఒక్కో పట్టాదారుది. నువ్వూ నేనూ జెండా పట్టుకుని ఏ గట్టు మీదికి నడుస్తాం? నడిస్తే అది వాళ్ళ తోట, మనది అక్రమ ప్రవేశం.

తమ్ముడూ, “ఎవరి బోరు వాళ్ళది” అన్నావే, నువ్వు చెప్పింది నిజం. బాధ కూడా అదే.

ఇక్కడ వాల్టా చట్టం గురించి చెప్పకపోతే మాట పూర్తి కాదు. 2002లో వచ్చింది. బావులు, బోర్లు రిజిస్టరు చేయించాలి, రిగ్గులూ రిజిస్టరు కావాలి, తాగునీటి బోరుకు 250 మీటర్ల లోపల అనుమతి లేకుండా కొత్తది వేయకూడదు, నీళ్ళు మితిమీరి తోడేసిన ఊళ్ళని ప్రకటించిన చోట కొత్త బోర్లు వేయకూడదు. ఈ చట్టాన్ని నేను తిట్టను. ముషంపల్లి పేరు మీలో చాలామంది వినే ఉంటారు. నల్గొండ జిల్లాలో బోర్ల మీద బోర్లు వేసి, అప్పుల మీద అప్పులు చేసిన ఊరు. అట్లాంటివి చూశాక ఆపాలి అనేవాళ్ళలో నేనూ ఒకదాన్ని.

కానీ ఎక్కడ ఆపారో చూడండి. ముందొచ్చిన వాళ్ళందరి బోర్లూ ఆడుతుండగా, తలుపు మూశారు. చివర వచ్చిందెవరు? అందరికంటే చివర భూమి దొరికినవాళ్ళు. ఆ భూమిని చదును చేసుకోవడానికే ఇరవై ఏళ్ళు పట్టినవాళ్ళు. అప్పు పుట్టనివాళ్ళు. అసైన్డ్ భూమిని బ్యాంకుకు తాకట్టు పెట్టడాన్ని 1977 చట్టం ఆపలేదు, మినహాయింపు ఉంది. ఆ మాట నేను ఒక బ్యాంకు మేనేజరుకు సెక్షనుతో సహా చూపించాను. “చట్టంలో ఉంటుందమ్మా, రేపు వసూలు చేసేది నేను గదా” అన్నాడు. అందుకే మాకు లోను ఎప్పుడూ మూడు రూపాయల వడ్డీకే.

ప్రభుత్వ పథకాలు రాలేదా అంటే వచ్చాయి. 2011లో ఇందిర జలప్రభ ఎస్సీ, ఎస్టీల బీడు భూములకు నీళ్ళని వచ్చింది. 2020లో వైఎస్సార్ జలకళ ఉచిత బోర్లన్నది. జలకళకు ఒకే చోట రెండున్నర ఎకరాలుండాలన్నారు, తక్కువైతే పక్క రైతులతో కలిసి గుంపుగా అడగాలన్నారు. మాకు 30 సెంట్లు తక్కువ. 2015-16 వ్యవసాయ గణన లెక్కలో దేశం మొత్తం మీద సగటు కమతం 1.08 హెక్టార్లు, ఎస్సీల సగటు 0.78. ఎకరాల్లో చెప్పాలంటే రెండు కూడా నిండవు. షరతు రాసినవాళ్ళకు ఈ లెక్క తెలియదంటే నేను నమ్మను.

మా ఊరు ఇప్పుడు కొత్త బోర్లు వేయకూడని జాబితాలో ఉంది. అందుకే తమ్ముడు ఫోన్‌లో ఇంకో మాట కూడా అన్నాడు, గొంతు తగ్గించి. “బండి రాత్రి రెండు గంటలకొస్తాదంట అక్కా. తెల్లారేలోపల వెళ్ళిపోతాదంట.” నాకు ఒళ్ళు మండింది. కాలేజీలో రాజ్యాంగ దినోత్సవానికి మాట్లాడే మేడమ్ తమ్ముడు అర్ధరాత్రి దొంగ బోరు వేయాలా? వెంటనే ఇంకోటీ అనిపించింది. పగలు దర్జాగా వేసుకున్నవాళ్ళ బోర్లే వాడి బోరును ఎండబెట్టాయి. ఇప్పుడు వాడు దొంగ.

మరి ఏం చేయాలి? నాకు తెలిసిన దారి ఒకటుంది. మా జిల్లాలోనే కొన్ని ఊళ్ళలో రైతులు తమ బోర్లను పైపులతో కలిపి, కొత్త బోర్లు వేయమని ఒప్పందం రాసుకుని, బోరు లేని చేలకు కూడా వాన మొహం చాటేసినప్పుడు ఒకటి రెండు తడులు ఇచ్చారు. స్వచ్ఛంద సంస్థలు వెనకుండి చేయించిన ప్రయోగాలవి. వేరుశనక్కాయకు ఊడలు దిగే టైములో ఒక్క తడి అందితే పంట నిలబడుతుంది. మా 2 ఎకరాల 20 సెంట్లకు కావాల్సింది ఆ తడే, బోరు కాదు. ఇది జరిగే పనేనని ఆ ఊళ్ళు చూపించాయి.

నా అభ్యంతరం ఒక్కటే. అది పెద్దరైతు మంచితనం మీద ఆధారపడినంత కాలం, పైప్‌లైన్ వేసినా సరే, అది పైనుంచి పోసే చేదే. మళ్ళీ దోసిలి పట్టడమే. కొత్త బోరు వద్దని మా తమ్ముడికి చెప్పే చట్టమే, ఆ ఊళ్ళో ఆడుతున్న పాత బోర్లలోంచి వాడి చేనికి తడి హక్కుగా రాయాలి. నిషేధం, వాటా రెండూ ఒకే జీవోలో ఉండాలి. వాటా లేని నిషేధానికి మనం ఒప్పుకోకూడదు. భూమిలేని కూలోళ్ళకు కూడా ఆ నీళ్ళలో వాటా ఉండాలి. వాళ్ళ వాటా నీళ్ళు కావాలనుకున్న రైతు వాళ్ళకు డబ్బు కట్టి తీసుకోవాలి. ఇది నవ్వొచ్చే కోరికలాగా ఉందా? 1924 తీర్మానానికి కూడా మహద్‌లో చాలామంది నవ్వే ఉంటారు.

తమ్ముడికి ఇంకా జవాబు చెప్పలేదు. లక్ష నా దగ్గర ఉంది, లేదని అబద్ధం చెప్పలేను. శనివారం ఊరికి పోతున్నా. సోమవారం పొద్దున ఇద్దరం మండల ఆఫీసుకు పోయి, మా ఊళ్ళో వాల్టా కింద రిజిస్టరైన బోర్లు ఎన్ని, ఏ సర్వే నెంబర్లలో, ఎంత లోతులో, ఏ సామాజిక వర్గం వాళ్ళవి అని సమాచార హక్కు దరఖాస్తు పెడతాం. వాడు ఒప్పుకుంటే. “నువ్వు దరఖాస్తు రాసే లోపల చెట్టు ఎండుతాది అక్కా” అంటాడని నాకు తెలుసు. ఆ మాటకు నా దగ్గర సమాధానం లేదు.

హాస్టళ్ళలో ఉన్న పిల్లలు సెలవులకు ఊరెళ్ళినప్పుడు మీ ఊరి లెక్క కూడా తీయండి. ఆఫీసు కాగితం దొరక్కపోతే ఒక నోటు పుస్తకం పట్టుకుని చేలెంబడి నడవండి. ఎవరి బోరు, ఏ ఏడు, ఎన్నడుగులు, నీళ్ళున్నాయా, అప్పెంత. ముఖ్యంగా నీళ్ళు పడని బోర్లను రాయండి. వాటిని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. మూత లేనివి కనబడితే అక్కడే ఒక బండ పెట్టి రండి.

వచ్చే వారం ట్రాన్స్‌ఫార్మర్ గురించి రాస్తాను. నీళ్ళు పడ్డవాళ్ళకు కరెంటు ఎప్పుడు వస్తుందో, ఎవరి లైను మీది నుంచి వస్తుందో.

జై భీమ్.